మంచు పిలిచిన పేరు

తెల్లకోర కనుమలో ఆ మధ్యాహ్నం ఆకాశం విరిగి మీద పడుతోంది.

పైన వెండికొండలు, కింద స్ఫటికాల లోయ! మధ్యలో దేవదారు వనాలు పాలకడలిలో మునిగిపోతూ కొనల్ని మాత్రం పైకెత్తిన ఓడ కొయ్యల్లా నిలబడి ఉన్నాయి. జలపాతాలు దూకుతూ దూకుతూనే గడ్డకట్టి, గంధర్వకన్యలు ఆరేసి మరిచిపోయిన పట్టుచీరల్లా కొండచరియలకు వేలాడుతున్నాయి. ఎంత అందం! ఆ అందాన్ని ఒక్క గడియ ఆగి చూస్తే చాలు, చూసినవాడు అక్కడే శిల్పమైపోతాడు.

అందుకే ఆ ఇద్దరూ ఆగడం లేదు.

ముందు నడిచేవాడు సంద్రయ్య. లవణపురి సముద్రతీరంలో ఉప్పుమడులు తొక్కి పెరిగిన యువకుడు. పిక్కల్లో బలం, కళ్ళల్లో అనుమానం. వెనక, అదే తాడు రెండో కొసని నడుముకు కట్టుకుని రొప్పుతూ వచ్చేవాడు అప్పలకొండ. చిన్నప్పటి నుంచి సంద్రయ్యని "బావా" అనే పిలుస్తాడు. ప్రాణం మీదికి వస్తే తప్ప పేరు పెట్టి పిలవడు.

చూసేవాళ్ళకి వాళ్ళు భుజాన మూటలతో ఉప్పు అమ్ముకునే వర్తకులు. కానీ సంద్రయ్య నడుముకున్న తోలుసంచిలో, ఉప్పు నడిమధ్యన, వేడీ వెలుగూ బయటపడకుండా, నిప్పుపువ్వు ఉంది!

యువరాణిని తనకిచ్చి పెళ్ళి చెయ్యలేదని శీతకేతుడనే మాంత్రికుడు లవణపురి మీద మంచు కురిపించాడు. చలికాలంలో కూడా చెమటలు కక్కే ఊరది. మంచుని ఏం చెయ్యాలో ఎవరికి తెలుసు? మొదట చీపుళ్ళతో ఊడ్చారు. తర్వాత చేటలతో ఎత్తిపోశారు. ఆ తర్వాత తలుపులు తెరుచుకోలేదు, తాటాకు కప్పులు ఒక్కొక్కటే కూలాయి. సంద్రయ్య బయల్దేరేనాటికి వాళ్ళమ్మ వంగిపోతున్న ఇంటి దూలానికి రోకలి ఆనించి, ఆ రోకలిని రెండు చేతులా పట్టుకుని కూర్చుని ఉంది. "నువ్వొచ్చేదాకా వదల్ను, ఎల్లు నాయనా" అంది.

నిప్పుపువ్వు తెచ్చి ఉప్పుమడుల మధ్య పెడితేనే ఆ మంచు కరుగుతుంది. దాన్ని సంద్రయ్య మాంత్రికుడి గుహలోంచి నిన్ననే ఎత్తుకొచ్చాడు. దొంగ ఎవరో, పేరేమిటో శీతకేతుడికి తెలీదు. తెలీకపోతేనేం, తన దగ్గరున్న మంచునంతా కనుమ మీదికి తోలాడు.

"ఒరే బావా! నా కాళ్ళు నాకు కనబడ్డం లేదు. ఉన్నాయేట్రా?" అప్పలకొండ వెనక నుంచి అరిచాడు.

"ఉన్నాయి, నడు."

"నువ్వు సూడకుండానే సెప్తన్నావు!"

"లేకపోతే ఎలా నడుస్తున్నావురా?"

"అదే నా అనుమానం కూడా!"

అంతే! ఫెళ్ళున శబ్దం! పైనున్న చరియ అంచు విరిగి, ఏనుగుల మందలాగా దొర్లుకుంటూ వచ్చేసింది. సంద్రయ్య తాడు పట్టి లాగాడు. అప్పలకొండ సంద్రయ్యనే లాగేశాడు, ఆ శరీరం ముందు ఏ తాడు ఆగుతుంది! ఇద్దరూ దొర్లారు. దేవదారు కొమ్మలు చెళ్ళుచెళ్ళుమని కొట్టాయి. కళ్ళల్లో మంచు, నోట్లో మంచు, చెవుల్లో మంచు. ఒక చోట గాల్లోకి లేచి ధబ్బున పడ్డారు.

పడింది నేల మీద కాదు. ఒక ఇంటి కప్పు మీద! పక్కనే పొగగూడులోంచి సన్నగా పొగ వస్తోంది. ఆ పొగలోంచే ఒక ముసలిగొంతు పైకి వచ్చింది.

"ఎవర్రా నా కప్పు మీద? దిగండి ముందు! అసలే దూలం మూలుగుతోంది!"

* * *

ఆ ఇల్లు సగం నేలలోకి దిగి ఉంది. రాతిగోడలు, నల్లగా పొగచూరిన వాసాలు, మధ్యలో పెద్ద పొయ్యి. తలుపు లోపలికి తెరుచుకుంది. బయటికి తెరిచే తలుపు పెట్టుకోవడమంటే మంచు చేతికి గొళ్ళెం అప్పగించడమేనట. తలుపు పక్కన కొయ్యకి కట్టిన లావుపాటి తాడు మంచు తెరల్లోకి వెళ్ళి మాయమైపోతోంది. దాని రెండో కొస పశువుల కొట్టంలో ఉందని, ఈ గాలిలో తాడు వదిలినవాడు సొంత ఇంటి ముందే దారి తప్పి చస్తాడని ఆ ముసలామె చెప్పింది.

సంద్రయ్య నోరు తెరవబోతే ఆమె చప్పున చెయ్యి అడ్డం పెట్టింది.

"పేరు చెప్పకు! నేనడగను, నువ్వడక్కు. మంచు ఆగేదాకా ఈ కొండమీద ఎవరికీ పేరుండదు. నన్ను అవ్వా అను, చాలు."

"ఎందుకవ్వా?"

"మంచుకి చెవులున్నాయి బిడ్డా. పేరు తెలిస్తే పిలుస్తుంది. మనవాళ్ళ గొంతుతోనే పిలుస్తుంది. ఊఁ అన్నావో, ఇక నీ కాళ్ళు నీ మాట వినవు, నడుచుకుంటూ వెళ్ళిపోతావు. నా మొగుడు అలాగే పోయాడు." అవ్వ కళ్ళు తుడుచుకోలేదు, పొయ్యిలోకి పిడక తోసింది. "పేర్ల బదులు పనులిస్తాను. నువ్వు తాడు. కొట్టానికి ఎవరెళ్ళినా ఈ కొస పట్టుకుని నిలబడాలి. మూడుసార్లు గుంజితే వాళ్ళు బాగున్నట్టు. ఇదిగో ఈ లావాయన కుండ. గడప దగ్గర మంచు ఎత్తి కుండలో కరిగించాలి. పచ్చిమంచు తిన్నారంటే కడుపులో గడ్డకడుతుంది, జాగ్రత్త!"

అప్పటికే ఆ ఇంట్లో ఇద్దరు బాటసారులున్నారు.

ఒకడు తాటిచెట్టంత మనిషి. కప్పు మీద మంచు తోసే పని వాడిది, అందుకని వాడి పేరు పార. రెండు చేతులకీ మోచేతుల దాకా గుడ్డలు చుట్టుకున్నాడు. పొయ్యి దగ్గర కూడా విప్పడు! వాడి చూపు వచ్చీరాగానే సంద్రయ్య తోలుసంచి మీద పడింది. రెండోది ఒక నడివయసు ఆడమనిషి, ఆమె పేరు పొయ్యి. ఒళ్ళో ఒక మూట. ఎంతసేపటికీ కింద పెట్టదు. ఆ మూట... కదిలింది! సంద్రయ్య స్పష్టంగా చూశాడు, కదిలింది!

"మూటలో ఏముందమ్మా?" అడిగాడు.

"నీ సంచిలో ఏముంది నాయనా?" అంది ఆమె, కళ్ళు చిట్లించి.

సంద్రయ్య సంచి మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఇద్దర్లో ఒకరు శీతకేతుడి మనిషి. ఎవరు?

ఈలోగా అప్పలకొండ రాగి సంకటి ముద్ద మీద ముద్ద లాగించేస్తున్నాడు. కడుపు నిండితే వాడికి కథలొస్తాయి. "మా ఊళ్ళో ఒక పొట్టేలుందవ్వా! దాని పేరు బైరాగినాయుడు. నాయుడు అని ఎందుకంటే, దానికి ఎదురొచ్చినోడు పక్కకి తప్పుకోవాల. నాను తప్పుకోలేదు. ఒక్కటి పొడిసిందీ... ఉప్పుమడిలో బోర్లాపడ్డాను! ఏడాది పొడుగునా మా ఇంట్లో నా కూరలో ఉప్పెయ్యలేదు, ఒంట్లో ఉన్నది సాల్లే అని."

అవ్వ బోసినోటితో విరగబడి నవ్వింది. మూటావిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆఖరికి పార కూడా మీసం చాటున నవ్వాడు. ఆ ఒక్క క్షణం ఇల్లంతా వెచ్చగా అయిపోయింది.

వెంటనే పైన దూలం కిర్రుమంది.

"కప్పు మీద మళ్ళీ పేరుకుపోయింది!" అవ్వ లేచింది. "పారా, పైకెళ్ళు! గాలివాటున తొయ్యి, తలుపు వైపు తోశావంటే అందరం లోపలే సమాధి. పొయ్యీ, నువ్వు బూడిద తీసుకెళ్ళి గడప ముందు చల్లు, జారకుండా ఉంటుంది. కుండా, కొట్టంలో పిడకలున్నాయి, తాడు పట్టుకుని వెళ్ళి ఒక బుట్టెడు తే. జడలబర్రెకి గడ్డి వేసి రా!"

అప్పలకొండ కంబళి కప్పుకుని తాడు పట్టుకున్నాడు. "బావా, తాడు వదిలీకు."

"వదల్ను, పో."

తెల్లతెరలు వాడిని మింగేశాయి. సంద్రయ్య చేతిలో తాడు బిగుతుగా ఊగుతోంది. పైన పార చప్పుడు, పక్కనెక్కడో బూడిద చల్లే చప్పుడు. తాడు మూడుసార్లు గుంజింది. కొట్టం చేరాడు! సంద్రయ్య ఊపిరి వదిలాడు. ఇంకాసేపు గడిచింది. తాడు మళ్ళీ ఊగింది, తిరిగి వస్తున్నాడు...

తాడు వదులైపోయింది.

సంద్రయ్య లాగాడు. అది పాములాగా ఉత్తినే వచ్చేసింది. కొస చూశాడు. తెగలేదు, పీచుపీచుగా లేదు. నున్నగా కోసేశారు!

"అవ్వా! ఇంకో తాడు!"

నడుముకి తాడు కట్టుకుని దూకాడు. మొలలోతు మంచు. ముందుకి రెండడుగులు వేస్తే గాలి ఒకడుగు వెనక్కి నెడుతోంది. చెయ్యి చాస్తే చెయ్యి కనబడదు. కాలికి ఏదో తగిలింది. బోర్లాపడి ఉన్నాడు అప్పలకొండ! కంబళి, తలపాగా అన్నీ తెల్లగా అయిపోయాయి. భుజాన వేసుకుని, తాడు పట్టుకుని పాక్కుంటూ, పడుతూ లేస్తూ, ఎలా వచ్చాడో తెలీదు, ఇంట్లో వచ్చి పడ్డాడు.

"పొయ్యి దగ్గరికి చేర్చండి!"

"వొద్దు బావా," అప్పలకొండ కళ్ళు తెరిచి నీరసంగా అన్నాడు. "ఒకేసారి వేడి తగిల్తే వేళ్ళూడిపోతాయంట. ఇక్కడే గోడవారన పడుంటాను."

"నిజమే, మెల్లిగా కాగాలి," అంది అవ్వ.

సంద్రయ్య తిరిగి చూశాడు. పార పైనుంచి దిగి వచ్చాడు, నడుముకి కత్తి. మూటావిడ బూడిదబుట్ట దించింది, నడుముకి కత్తి. అవ్వ కూరలు తరిగే కత్తి గోడకే ఉంది. తాడు కోసినప్పుడు ముగ్గురూ తన కళ్ళకి కనబడలేదు!

ఎవరు?

* * *

ఇంకా పగలే. కానీ బయట వెలుతురు బూడిదరంగుకి తిరిగింది. అప్పుడు మొదలైంది.

"ఉప్పువాడా..."

గాలిలోంచి వచ్చింది ఆ పిలుపు. ఆడగొంతు. అది సంద్రయ్య వాళ్ళమ్మ గొంతు!

"ఉప్పువాడా... దూలం విరుగుతోందిరా... రా..."

సంద్రయ్య లేచి నిలబడిపోయాడు. అవ్వ వాడి రెక్క పట్టి కూలేసింది. "పలక్కు! దానికి ఇంకా నీ పేరు తెలీదు, వృత్తి పేరుతో తడుముకుంటోంది. పేరు దొరికితే మాత్రం నిన్ను నేను పట్టుకోలేను." గొంతు తగ్గించి చెవిలో చెప్పింది. "ఒక్క మాట బిడ్డా. నువ్వు ఉప్పువాడివని మంచుకెలా తెలిసింది? లోపలివాళ్ళే ఎవరో చెబుతున్నారు."

అంటే తాడు కోసినవాళ్ళే! ఇప్పుడు వాళ్ళకి కావలసింది పేరు.

సంద్రయ్య మెదడులో మెరుపు మెరిసింది. కావలసింది పేరే కదా? ఇచ్చేస్తే సరి!

పార తన గొడ్డలికి పదును పెట్టుకుంటుంటే పక్కన కూర్చున్నాడు. "అన్నా, నాకేమన్నా అయితే మావాళ్ళకి కబురు చెయ్యి. నా పేరు రత్నాకరుడు." పార చురచురా చూశాడు. "ఎందుకు చెప్పావురా పిచ్చోడా! నేనడిగానా?" అని లేచి వెళ్ళిపోయాడు. ఇదేం కోపం! నటనా?

మూటావిడ దగ్గరికి వెళ్ళాడు. "పిన్నీ, నీకొక్కదానికే చెప్తున్నా. నా పేరు మణికంఠుడు." ఆమె రెండు చెవులూ మూసుకుంది. మూట మళ్ళీ కదిలింది, ఈసారి "కొక్" అంది కూడా!

అవ్వని మాత్రం ఎందుకు వదలాలి? ఈ ఆచారమంతా కట్టుకథ అయితే? "అవ్వా, నా పేరు గంభీరుడు." అవ్వ నుదురు కొట్టుకుంది. "చెవిలో పోశావు, ఇక చచ్చేదాకా మొయ్యాలి!"

మూడు పేర్లు, మూడు చెవులు. ఏ పేరు బయటి నుంచి తిరిగొస్తే ఆ చెవి శీతకేతుడిది. సంద్రయ్య తనని తానే మెచ్చుకుంటూ గోడవారకి వచ్చి కూర్చున్నాడు.

అప్పలకొండ కాస్త తేరుకున్నాడు. కుండ పక్కన పెట్టుకుని గడప దగ్గర మంచు ఎత్తుతున్నాడు. "బావా," అన్నాడు గుసగుసగా. "తల తిరిగిపోతంది. ఏదీ గుర్తు రావట్లేదు. నీ పేరేట్రా? నోటిదాకా వొస్తంది, రావట్లేదు."

పాపం! చలికి మతిపోవడమంటే ఇదే కాబోలు. కానీ అటు పార చెవులు రిక్కించి ఉన్నాడు, ఇటు మూటావిడ ఓరకంట చూస్తోంది. ఇక్కడ అసలు పేరు పలికితే ఇంకేమైనా ఉందా? నవ్వించినట్టూ ఉంటుంది, చెప్పినట్టూ ఉండదు. వాడి చెవిలో నోరు పెట్టాడు.

"బైరాగినాయుడు."

అప్పలకొండ గంభీరంగా తలూపాడు. "ఆఁ. గుర్తొచ్చింది."

కుండ తీసుకుని మళ్ళీ గడప దగ్గరికి వెళ్ళి వంగాడు.

సంద్రయ్య ఎదురుచూస్తూ కూర్చున్నాడు. పార కప్పెక్కి దిగాడు. మూటావిడ బూడిద పోసి వచ్చింది. అవ్వ పొగగూడులో పేరుకున్న మంచుని కర్రతో పొడిచింది. ముగ్గురూ బయటిగాలి తగిలే చోటికి వెళ్ళొచ్చినవాళ్ళే! గాలి ఉన్నట్టుండి ఆగింది. మంచు మాత్రం పడుతూనే ఉంది, చప్పుడు లేకుండా, నిలువుగా.

"నా... యు... డూ..."

అందరూ తలలెత్తారు.

"బైరాగినాయుడూ! నాయనా, బైరాగినాయుడూ! అమ్మనిరా... రారా!"

మూటావిడ "కిసుక్" మంది. ఆపుకోలేక మూటలో తల పెట్టుకుని నవ్వింది. "పొట్టేల్ని పిలుస్తోందే!" అవ్వ పొట్ట పట్టుకుంది. "నా ఎనభయ్యేళ్ళలో మంచు పొట్టేల్ని పిలవడం ఇదే చూడ్డం!" పార కూడా గొడ్డలి కింద పెట్టి భుజాలెగరేస్తూ నవ్వుతున్నాడు.

సంద్రయ్యకీ నవ్వు గొంతుదాకా వచ్చింది. వచ్చి అక్కడే గడ్డకట్టింది.

ఇంట్లో నవ్వనిది ఒక్కడే.

మధ్యాహ్నం ఆ కథ చెప్పింది వాడే! పొడిపించుకున్నది వాడే! గడప దగ్గర కుండ పక్కన కూర్చుని, సంద్రయ్య వైపే రెప్పవెయ్యకుండా చూస్తున్నాడు. వాడు ఎత్తిన కుండలో మంచు ఒక్క చుక్క కూడా కరగలేదు.

"ఏట్రా బావా," అన్నాడు మెల్లగా. "అమ్మ పిలుస్తంటే పలకవేం?"

"పలుకుతాన్లే." సంద్రయ్య చెయ్యి భుజానున్న ఉప్పుమూట ముడి మీదికి జారింది. "నువ్వు నవ్వవేంట్రా?"

"ఎందుకు నవ్వాల?"

ఫటేల్! మూట ముడి విప్పి గుప్పెడు ఉప్పు ముఖాన కొట్టాడు!

చుర్రుమంది! అప్పలకొండ చెంప కరిగి కారింది. కండ లేదు, నెత్తురు లేదు, లోపలంతా మంచు! అది కేక పెట్టింది, కొండచరియలు ఒరుసుకున్న కేక. ఒక్క ఊపున లేచి సంద్రయ్య మీద పడింది. ఇద్దరూ దొర్లారు. దాని వేళ్ళు మంచుకత్తుల్లా సాగాయి. తాడు కోసిన కత్తులు అవే! తోలుసంచి సర్రున చీలింది. ఉప్పు చెల్లాచెదురైంది. నిప్పుపువ్వు నేల మీద పడింది.

ఇల్లంతా మోదుగుపూల అడవిలా ఎర్రబడిపోయింది!

మంచుమనిషి పువ్వు మీదికి చెయ్యి చాచింది. దాన్ని తాకగానే ఆ చెయ్యి ఆవిరైంది. రెండో చెయ్యి చాచింది. పార గొడ్డలితో ఆ చేతిని గోడకేసి అదిమాడు. మూటావిడ కాగుతున్న కుండ ఎత్తి కుమ్మరించింది. సంద్రయ్య మిగిలిన ఉప్పంతా నెత్తిన బోర్లించాడు. కరిగింది... కరిగింది... నేల మీద నీటిమడుగు, అందులో అప్పలకొండ కంబళి, తలపాగా.

సంద్రయ్య తలపాగా చేతిలోకి తీసుకున్నాడు. ఈ మంచుబొమ్మనా తాను మోసుకొచ్చింది? మరి వాడు?

"కొట్టం చేరాక తాడు మూడుసార్లు గుంజాడు," అన్నాడు. "అక్కడిదాకా వెళ్ళింది నిజంగా వాడే! వాడి బట్టలు లాక్కుని తిరిగొచ్చింది ఇది!"

"కొట్టం తలుపు ఈపాటికి మూసుకుపోయి ఉంటుంది," అంది అవ్వ. "లోపల జడలబర్రె ఉంది. దాన్ని కరుచుకుని ఉంటే బతికుంటాడు. కానీ బిడ్డా, నువ్వు ఆ పువ్వుతో బయటికెళితే శీతకేతుడు నిన్నూ దాన్నీ కలిపే మింగుతాడు."

ఔను. ఉప్పు అయిపోయింది, పువ్వుని దాచే చోటు లేదు. పువ్వు పోతే లవణపురి పోతుంది, రోకలి పట్టుకుని కూర్చున్న అమ్మ పోతుంది. వదిలి వెళ్ళాలి. ఎవరి దగ్గర? మధ్యాహ్నం నుంచి తాను దొంగల్లా చూసిన ఈ ముగ్గురి దగ్గర. వీళ్ళ పేర్లు కూడా తెలీవు!

మూటావిడ మూట విప్పింది. లోపల నల్లకోడి, దాని కింద గుడ్లు. "పొదుగుతోంది. చలి తగిలితే పోతాయని దించలేదు. నువ్వు కోసుకు తింటావేమోనని నా భయం," అంది సిగ్గుగా.

పార చేతులకున్న గుడ్డలు విప్పాడు. చెరి రెండు వేళ్ళే ఉన్నాయి. "ఒకప్పుడు నన్నూ పిలిచింది. పలికాను. ఎవరో తాడుతో లాగారు. వేళ్ళు అక్కడే ఉండిపోయాయి." నేల మీది తాడు ఎత్తుకున్నాడు. "నీ సంచి కాదు, దానికి కట్టిన ముడి చూశాను. జారుముడి వేశావు. మంచులో జారుముడి వెయ్యకూడదు. చెబుదామంటే నీ చూపే నన్ను పొడిచేస్తోంది. ఇటు తిరుగు, నేను కడతాను."

"నాలుగు వేళ్ళతోనా?"

"పట్టు వేళ్ళలో ఉందనుకున్నావా?" తాడుని నడుముకి రెండు చుట్లు తిప్పుకుని గుమ్మానికి కాళ్ళు తన్నిపెట్టి కూర్చున్నాడు.

సంద్రయ్య పువ్వుని ఎవరి చేతికీ ఇవ్వలేదు. పట్టకారుతో ఎత్తి పొయ్యిలో, నిప్పుల నడుమ పెట్టాడు. నిప్పులో నిప్పు కలిసిపోయింది. అవ్వ దాని మీద బూడిద కప్పి, పొయ్యి ముందు బాసింపట్టు వేసుకు కూర్చుంది.

"నమ్ముతున్నావా బిడ్డా మమ్మల్ని?"

"లేదవ్వా," అన్నాడు నిజాయితీగా. "కానీ వెళ్తున్నాను." దూకాడు!

* * *

మంచు ఇప్పుడు ఛాతీదాకా ఉంది. సంద్రయ్య ఈదుతున్నాడు. నిజంగానే, సముద్రంలో ఈదినట్టు చేతులతో తోసుకుంటూ! చుట్టూ తెలుపు. పైకీ కిందకీ తేడా లేదు. కొట్టం ఎక్కడ? ఒక దిబ్బ తగిలింది, తవ్వాడు, బండ. ఇంకో దిబ్బ, తవ్వాడు, చెట్టు. వెనక తాడు మాత్రం బిగుతుగా, నమ్మకంగా వస్తోంది.

అప్పుడు వినిపించింది.

"సంద్రయ్యా!"

ఆగిపోయాడు.

"ఒరే సంద్రయ్యా! సంద్రయ్యా!"

అసలు పేరు! ఈ కొండమీద ఎవరికీ చెప్పని పేరు. గొంతు అప్పలకొండది. ప్రాణం మీదికి వస్తే తప్ప వాడు పేరు పెట్టి పిలవడు. కానీ మంచు కూడా మనవాళ్ళ గొంతుతోనే పిలుస్తుంది కదా! వాడిని పట్టి హింసించి పేరు లాక్కుందేమో? పలికితే కాళ్ళు తన మాట వినవు. పలక్కపోతే వాడు చస్తాడు.

"సంద్రయ్యా... ఉన్నావేట్రా..." గొంతు నీరసపడిపోతోంది.

సంద్రయ్య పళ్ళు బిగబట్టాడు. ఊఁ అనలేదు. ఊపిరంతా కూడగట్టుకుని తిరిగి అడిగాడు.

"ఉప్పుమడిలో నిన్ను పొడిచిందెవర్రా?"

నిశ్శబ్దం. మంచు పడుతున్న చప్పుడు కూడా లేదు. తర్వాత, కుడివైపు, కాళ్ళ కింద ఎక్కడో లోతులోంచి, కుండలో పప్పు ఉడికినట్టు గుడగుడమని... నవ్వు! ఆగి ఆగి, దగ్గుతూ, ఏడుస్తూ, నవ్వు!

"ఇక్కడ నాను సస్తంటే... నీకు బైరాగినాయుడు కావాల్సొచ్చాడేట్రా... దరిద్రుడా!"

"అప్పలకొండా!"

కుక్కలా తవ్వాడు. గోళ్ళు విరిగాయి, వేళ్ళు నెత్తురు కక్కాయి. గడ్డికప్పు తగిలింది, చీల్చాడు. లోపలి నుంచి పేడవాసన, వెచ్చటి ఆవిరి. స్వర్గం కూడా అంత కమ్మగా ఉండదు! నల్లటి కన్నంలోంచి ఒక చెయ్యి పైకి వచ్చింది. లావుపాటి చెయ్యి. వెచ్చటి చెయ్యి! రెండు చేతులా పట్టుకుని, నడుము తాడుని మూడుసార్లు గుంజాడు.

తాడు బిగిసింది. అటు నాలుగు వేళ్ళ మనిషి లాగుతున్నాడు! అప్పలకొండ తల బయటికి వచ్చింది, భుజాలొచ్చాయి, పొట్ట దగ్గర ఆగిపోయింది.

"లోపలికి పీల్చుకోరా!"

"పొట్ట కాదురా బావా... లాగు! గట్టిగా లాగు! కింద ఎవరో నా కాలు పట్టుకు లాగతన్నారు!"

"జడలబర్రె అయ్యుంటుంది, తన్నరా!"

అప్పలకొండ ముఖం సున్నంలా పాలిపోయింది.

"బర్రెకి చేతులుంటాయేట్రా?!"